గేటు మూసేలోపు చేర్చే యాప్ ఏది?

హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేశారు. సెంటర్ అడ్రస్ ఫోన్లో కొట్టారు. 42 నిమిషాలని చూపించింది. ‘గంట ముందు బయల్దేరితే సరిపోతుందిలే’ అనుకుని పడుకున్నారు. బాగానే ఉంది కానీ, ఆ 42 నిమిషాలు ఎప్పటి లెక్క? రాత్రి పదింటికి రోడ్లు ఖాళీగా ఉన్నప్పటిదా, సోమవారం పొద్దున్న తొమ్మిదింటిదా? కారులో వెళ్తేనా, మీ బండి మీదా? ఆ అడ్రస్ నిజంగా మీ సెంటర్‌దేనా, లేక అదే పేరున్న ఇంకో ఊరిదా?

ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లకు ఇవి చిన్న ప్రశ్నలు కావు. 2024 జూన్‌లో తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ ఉదయం 10.30కి మొదలైతే, గేట్లు 10 గంటలకే మూసేశారు. నీట్‌లాంటి పరీక్షలకూ అరగంట ముందే గేటు మూత. రైల్వే పరీక్షల కాల్ లెటర్‌లో రిపోర్టింగ్ టైమ్ ఒకటి, గేటు మూసే టైమ్ ఇంకొకటి అని విడిగా ఉంటాయి. ఏడాది చదివిన చదువు నాలుగు నిమిషాల దగ్గర ఆగిపోవడం ప్రతి పరీక్ష రోజూ పేపర్లలో, టీవీల్లో చూస్తూనే ఉన్నాం. వాకిన్ ఇంటర్వ్యూలో గేటు మూయరు గానీ, చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చిన మనిషికి మొదటి ప్రశ్నే తడబాటు.

కాబట్టి ‘ఏ యాప్ మంచిది?’ అని కాకుండా ‘ఈ రోజు ప్రయాణంలో ఎక్కడ తేడా కొట్టే అవకాశం ఉంది?’ అని అడగండి. ట్రాఫిక్‌లోనా, అడ్రస్‌లోనా, సిగ్నల్ లేకపోవడంలోనా? ఒక్కోదానికి ఒక్కో యాప్ నయం. అన్నింటికీ ఒక్కటే చాలనుకున్నప్పుడే చిక్కు.

ఎర్రగీత ఎక్కడి నుంచి వస్తుంది?

మ్యాప్‌లో రోడ్డు ఎర్రగా కనిపిస్తే అక్కడ ట్రాఫిక్ జామ్ అని అందరికీ తెలుసు. అది జామ్ అని యాప్‌కి ఎవరు చెప్పారు? ఆ రోడ్డు మీదున్న ఫోన్లే. లొకేషన్ ఆన్‌లో ఉన్న ఫోన్లు ఎంత వేగంతో కదులుతున్నాయో చూసి యాప్ లెక్క కడుతుంది. 2020లో సైమన్ వెకర్ట్ అనే జర్మన్ కళాకారుడు 99 ఫోన్లను ఒక చిన్న చేతిబండిలో వేసుకుని బెర్లిన్ వీధుల్లో నెమ్మదిగా లాక్కుంటూ నడిచాడు. ఖాళీగా ఉన్న రోడ్డు గూగుల్ మ్యాప్స్‌లో ఎర్రగా మారిపోయింది! యాప్ దృష్టిలో ఆ బండి 99 వాహనాల జామ్ మరి.

తమాషాగా ఉన్నా ఇందులోనే అసలు కిటుకు ఉంది. ట్రాఫిక్ విషయంలో యాప్ ఎంత బాగుంటుందన్నది దాన్ని తయారుచేసినవాళ్ల తెలివి మీద ఎంత ఆధారపడుతుందో, మీ దారిలో ఎంతమంది ఆ యాప్ వాడుతున్నారన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ రోడ్ల మీద ఎక్కువమంది చేతుల్లో ఉండేవి ఆండ్రాయిడ్ ఫోన్లే, వాటిలో గూగుల్ మ్యాప్స్ ముందే ఉంటుంది. అందుకే నగరంలో పీక్ అవర్‌లో, అమీర్‌పేట నుంచి గచ్చిబౌలికి ఎంతసేపు పడుతుందన్న ప్రశ్నకు ఇప్పటికి గూగుల్‌నే నమ్మడం మేలు. ఇది అభిమానం కాదు, ఫోన్ల లెక్క.

వేజ్ సంగతీ అంతే. ఇజ్రాయెల్‌లో పుట్టిన ఈ యాప్‌ని 2013లో గూగుల్ కొనేసింది. డ్రైవర్లే ముందు గుంత ఉంది, యాక్సిడెంట్ అయింది, పోలీసులున్నారు అని నొక్కి చెప్పుకోవడం దీని బలం. అమెరికాలో చదువుతున్న మీ అన్నయ్యో అక్కయ్యో ‘వేజ్ సూపర్’ అని చెబితే అక్కడ అది నిజమే. మన దగ్గర నొక్కి చెప్పేవాళ్లు తక్కువైతే, ఆ బలమే బలహీనత అవుతుంది. స్నేహితుడి ఊళ్లో బాగా పనిచేసింది కదా అని మీ ఊళ్లో పరీక్ష రోజు మొదటిసారి ప్రయోగం చేయకండి.

జిల్లాల్లో, మండలాల మధ్య రోడ్ల మీద ఫోన్లు తక్కువ. అక్కడ యాప్ చూపే టైమ్‌లో పాత రోజుల సగటు, అంచనా ఎక్కువగా ఉంటాయి. ధాన్యం ఆరబోసిన రోడ్డు, జాతర, రైల్వే గేటు పడటం... ఇవన్నీ దానికి వెంటనే అందకపోవచ్చు. 20 నిమిషాలని చూపిస్తే 35 పెట్టుకోండి.

ఇంకొకటి: రాత్రి కొట్టి చూసిన టైమ్‌ని నమ్మొద్దు. గూగుల్ మ్యాప్స్‌లో దారి కనిపించాక మెనూలో బయల్దేరే టైమ్ లేదా చేరాల్సిన టైమ్ పెట్టుకునే ఆప్షన్ ఉంటుంది. పరీక్ష తేదీ, 9.15కి చేరాలి అని పెడితే, ఆ వారం, ఆ వేళ మామూలుగా ఉండే రద్దీని బట్టి చెబుతుంది. ‘35 నుంచి 60 నిమిషాలు’ అని రెండు అంకెలు చూపిస్తే పెద్దదాన్నే పట్టుకోండి. చిన్న అంకె అదృష్టం బాగున్న రోజుది.

కంప్యూటర్స్ చదివేవాళ్లకు చిన్న పక్కమాట. కూడళ్లు నోడ్‌లు, రోడ్లు ఎడ్జ్‌లు, వాటి మీద పట్టే టైమ్ వెయిట్. మీరు డేటా స్ట్రక్చర్స్‌లో చదివిన డైక్‌స్ట్రా అల్గారిథమ్ 1959లో అచ్చయింది, ఈ యాప్‌ల ఆలోచనకు పునాది అదే. ‘మ్యాప్స్‌లో దగ్గరి దారి ఎలా కనుక్కుంటారు?’ అన్నది ఇంటర్వ్యూల్లో అడగడానికి ఎంతో అనువైన ప్రశ్న. చాలామంది డైక్‌స్ట్రా పేరు చెప్పి ఆగిపోతారు. వెయిట్ దూరం కాదు టైమ్ అనీ, అది నిమిషనిమిషానికీ మారుతుందనీ, ఆ మార్పు ఫోన్ల నుంచి వస్తుందనీ చెప్పగలిగితే మీరు వాడే వస్తువు గురించి ఆలోచిస్తారని అవతలివాళ్లకు అర్థమవుతుంది. ఈ రంగం మీద ఆసక్తి కలిగితే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ హైదరాబాద్ ఉప్పల్‌లోనే ఉంది. ఇస్రో వారి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ బాలానగర్‌లో ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపింగ్ నిబంధనలు సడలించాక దేశీయ కంపెనీలకు ముందస్తు అనుమతుల బెడద తగ్గింది. జియోఇన్ఫర్మేటిక్స్ చదివినవాళ్లు ఈ మార్పును గమనించాలి.

బండికి కారు దారి చూపిస్తే...

యాప్ సరైనదే ఎంచుకున్నారు, మోడ్ మార్చుకోలేదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గూగుల్ మ్యాప్స్‌లో టూవీలర్ మోడ్ 2017 డిసెంబర్‌లో మొదట మన దేశంలోనే వచ్చింది. పైన కారు బొమ్మ పక్కన బైక్ బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కకపోతే మీరు కారులో వెళ్తున్నారనే అనుకుంటుంది.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. దాని మెయిన్ రోడ్డు మీదకి టూవీలర్లను రానివ్వరు, పక్కనున్న సర్వీస్ రోడ్డులోనే వెళ్లాలి. ఘట్‌కేసర్ వైపు నుంచి నానక్‌రామ్‌గూడకి ఇంటర్వ్యూకి బయల్దేరి, కారు మోడ్‌లో చూసుకుంటే ఔటర్ మీదుగా చక్కటి టైమ్ చూపిస్తుంది. మీరు ఎంట్రీ దగ్గరికి వెళ్లాక సిబ్బంది ఆపేస్తారు. అప్పుడు సర్వీస్ రోడ్డు, ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు... చూసుకున్న టైమ్ ఎక్కడా సరిపోదు. ‘టోల్ లేని దారి’, ‘హైవేలు వద్దు’ అన్న సెట్టింగులూ ఇలాంటివే. ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోతే ఊరంతా తిప్పుతాయి. బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

కారు తీసుకెళ్లేవాళ్ల బాధ ఇంకోరకం. రెండు నిమిషాలు మిగులుతాయని యాప్ గల్లీల్లోకి తోస్తుంది. ఎదురుగా వాటర్ ట్యాంకర్ వస్తే అటూ ఇటూ కదల్లేరు. కార్లకు ఇరుకు రోడ్లను తప్పించే సదుపాయాన్ని గూగుల్ 2024లో కొన్ని నగరాల్లో మొదలుపెట్టింది, అందులో హైదరాబాద్ ఉంది. అయినా నాన్నగారి కారు తొలిసారి ఒంటరిగా తీసుకెళ్తున్నవాళ్లు రెండు నిమిషాల కోసం ఆశపడక పెద్ద రోడ్డే పట్టుకోండి.

ఇక ఫ్లైఓవర్లు. పైకెక్కాలా, కింద నుంచి వెళ్లాలా? బయోడైవర్సిటీ జంక్షన్లో రెండు అంతస్తుల ఫ్లైఓవర్లున్నాయి. మ్యాప్‌లో అన్నీ ఒకదాని మీద ఒకటి గీతల్లా కనిపిస్తాయి. జీపీఎస్‌కి మీరెక్కడున్నారన్నది తెలుసు, ఎంత ఎత్తులో ఉన్నారన్నది అంత కచ్చితంగా తెలీదు. ఆరుబయట కూడా ఫోన్ లెక్కలో ఐదు మీటర్లు అటూ ఇటూ తేడా మామూలే. మెయిన్ రోడ్డుకీ సర్వీస్ రోడ్డుకీ మధ్య అంతే దూరం ఉన్నచోట అది ఏం చెప్పగలదు? ఫ్లైఓవర్ ముందు హెచ్చరించే సదుపాయం గూగుల్‌లో 2024 నుంచి వస్తోంది. మ్యాపుల్స్‌లో కూడలి రాకముందే ఆ జంక్షన్ బొమ్మ తెర మీదకి వచ్చి ఏ లేన్ పట్టుకోవాలో బాణం గుర్తుతో చూపిస్తుంది. కొత్త నగరంలో నడిపేవాళ్లకు ఇది నిజంగా పనికొచ్చేది.

మ్యాపుల్స్ అంటే మ్యాప్‌మైఇండియా వాళ్ల యాప్. ఆ కంపెనీ 1995 నుంచి మన దేశం మ్యాపులే గీస్తోంది. స్పీడ్ బ్రేకర్లు, గుంతలు, ప్రమాదకర మలుపులు, స్పీడ్ లిమిట్ ముందే చెబుతుంది. రాత్రిపూట, పరిచయం లేని హైవే మీద ఈ హెచ్చరికల విలువ తెలుస్తుంది. ట్రాఫిక్ దగ్గర మాత్రం ఇందాక చెప్పుకున్న ఫోన్ల లెక్క దీనికీ వర్తిస్తుంది. ఓలా కూడా 2024లో గూగుల్‌ని వదిలి సొంత మ్యాప్స్‌కి మారింది. క్యాబ్ బుక్ చేసుకుని సెంటర్‌కి వెళ్తుంటే, డ్రైవర్ ఫోన్ చూపే దారీ మీ ఫోన్ చూపే దారీ వేరుగా ఉండొచ్చు. ఎక్కగానే సెంటర్ పిన్ ఆయనకి చూపించి మాట్లాడుకోండి.

ఏ ఇబ్రహీంపట్నం?

యాప్ మీద పెట్టే సందేహంలో సగం అడ్రస్ మీద పెట్టండి. ఇబ్రహీంపట్నం అని కొడితే ఏది వస్తుంది? హైదరాబాద్ పక్కన రంగారెడ్డి జిల్లాలో ఒకటుంది, చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు. విజయవాడ పక్కన ఎన్టీఆర్ జిల్లాలో ఇంకొకటి, దాని చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలే. రెండు చోట్లా పరీక్షా కేంద్రాలు పడతాయి. కొండాపూర్ ఐటీ కారిడార్‌లో ఒకటి, సంగారెడ్డి జిల్లాలో మండలం ఒకటి. గాంధీనగర్‌లకైతే లెక్కే లేదు. ఆన్‌లైన్ పరీక్షలు నిర్వహించే సంస్థలకు ఒకే నగరంలో ఒకే పేరుతో మూడు నాలుగు సెంటర్లుంటాయి, చివర్లో ఉండే ఏరియా పేరు ఒక్కటే తేడా. ఆ చివరి మాట కొట్టకుండా మొదట వచ్చిన దాన్ని నొక్కితే అంతే సంగతులు.

ఒకే విద్యాసంస్థకి రెండు మూడు క్యాంపస్‌లున్నప్పుడు ఇంకా జాగ్రత్త. హాల్‌టికెట్ మీదున్న పిన్‌కోడ్‌ని మ్యాప్‌లో వచ్చిన పిన్‌కోడ్‌తో సరిచూడండి. ఆరంకెలు చూడటానికి పది సెకన్లు. తర్వాత అదే చోటుని రెండు యాప్‌లలో వెతకండి. రెండూ ఒకే చోట గుర్తు పెడితే సరే. వేర్వేరు చోట్ల పెడితే అప్పుడే, ముందు రోజే, ఆ కాలేజీకి ఫోన్ చేయండి. రెండో యాప్ ఫోన్లో ఉంచుకోమనేది దారి కోసం కన్నా ఇలాంటి తనిఖీ కోసం.

ఇంటర్వ్యూ అయితే హెచ్ఆర్‌ని లొకేషన్ పంపమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ‘సర్, ఏ గేటు నుంచి రావాలో లొకేషన్ పంపుతారా?’ అని ఒక్క మెసేజ్ చాలు. లేదంటే పిన్ నొక్కితే గూగుల్‌లో ప్లస్ కోడ్, మ్యాపుల్స్‌లో ఆరక్షరాల మ్యాపుల్స్ పిన్ వస్తాయి. ఇంటి నంబరు, సందు పేరు సరిగా లేని చోట ఈ కోడ్‌లే అడ్రస్. మీ అద్దె గది కోడ్ కూడా ఒకసారి తీసి పెట్టుకోండి. పార్సిల్ అబ్బాయికి పావుగంట దారి చెప్పే శ్రమ తప్పుతుంది.

సిగ్నల్ పోయినచోట

డేటా అయిపోతే జీపీఎస్ పనిచేయదనుకుంటారు చాలామంది. అది పొరపాటు. ఫోన్‌కి లొకేషన్ ఉపగ్రహాల నుంచి వస్తుంది, దానికి నెట్ అక్కర్లేదు. నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మకీ, ట్రాఫిక్‌కీ. అంటే మ్యాప్ ముందే ఫోన్లోకి దించుకుంటే మన్యంలోనైనా, నల్లమలలోనైనా మీరెక్కడున్నారో తెలుస్తుంది.

గూగుల్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి కావాల్సిన ప్రాంతం దించుకోవచ్చు. డ్రైవింగ్ దారి చూపిస్తుంది, ట్రాఫిక్ మాత్రం ఉండదు. దీనికన్నా పూర్తిగా ఆఫ్‌లైన్ కోసమే తయారైనవి ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్. రెండూ 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తాయి. అది వికీపీడియాలాగా ఎవరైనా దిద్దగలిగే మ్యాప్. ఎవరో శ్రద్ధగా గీసిన ఊళ్లో కాలిబాటలు, చెరువుగట్లు కూడా ఉంటాయి. ఎవరూ పట్టించుకోని ఊళ్లో రెండు గీతలే ఉంటాయి. మీ మండలం ఎలా ఉందో తెరిచి చూస్తే గాని తెలీదు. పాత ఫోన్ వాడేవాళ్లకు ఆర్గానిక్ మ్యాప్స్ తేలిక, ప్రకటనలూ ఉండవు.

అయితే ఏ యాప్ అయినా రోడ్డు ఉందని చెబుతుందే గాని, ఆ వేళకి తెరిచి ఉంటుందని పూచీ ఇవ్వదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో నల్లమల అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టుల దగ్గర వాహనాలు ఆపేస్తారు. రాత్రికి రాత్రి అడవి దాటి పొద్దున్నే పరీక్ష రాద్దామని లెక్కవేస్తే చెక్‌పోస్టు దగ్గరే తెల్లారుతుంది.

2024 మే నెలలో హైదరాబాద్ నుంచి కేరళ వెళ్లిన నలుగురు పర్యాటకులు, మ్యాప్ చూసుకుంటూ రాత్రివేళ వానలో కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర కారుతో సహా పొంగుతున్న కాలువలోకి దిగిపోయారు. రోడ్డు మీద నీళ్లు నిలిచి ఏది రోడ్డో ఏది కాలువో తెలియలేదు. స్థానికులు, పోలీసుల సాయంతో ప్రాణాలతో బయటపడ్డారు. అదే ఏడాది నవంబర్‌లో ఉత్తరప్రదేశ్ బరేలీ ప్రాంతంలో ముగ్గురికి ఆ అదృష్టం లేకపోయింది. వరదకు కూలిన వంతెన మీంచి వాళ్ల కారు రామ్‌గంగ నదిలో పడింది. వంతెన విరిగిందన్న సంగతి నావిగేషన్‌లోకి ఎక్కలేదు, అడ్డంగా బారికేడ్లూ లేవు. వర్షాకాలంలో, రాత్రిపూట, మీ ముందు ఒక్క బండి కూడా లేని దారిలోకి యాప్ తిప్పితే ఆగండి. ఆ దారి ఖాళీగా ఉండటానికి కారణం ట్రాఫిక్ లేకపోవడమే కాకపోవచ్చు.

డెలివరీ చేసేవాళ్లకు

కోచింగ్ ఖర్చుల కోసం సాయంత్రం పూట డెలివరీలు, బైక్ ట్యాక్సీ చేసేవాళ్లు మన పాఠకుల్లో చాలామంది. మీకు యాప్ అంటే రోజూ పెట్రోలు లెక్క. గూగుల్‌లో తక్కువ ఇంధనం పట్టే దారికి ఆకు గుర్తు పెడుతుంది, సెట్టింగుల్లో మీ బండి ఇంజిన్ రకం చెప్పాలి. రెండు నిమిషాలు ఆలస్యమైనా సిగ్నళ్లు తక్కువున్న దారే రాత్రికి చేతిలో నాలుగు రూపాయలు మిగిల్చేది. ఒకే ఏరియాలో నెలరోజులు తిరిగాక మీకు యాప్ కన్నా బాగా తెలుస్తుంది, దాన్ని ట్రాఫిక్ వరకే వాడుకోండి.

ఫోన్ చేత్తో పట్టుకుని నడపడం మాత్రం ఎవరికీ కుదరదు. 2020 అక్టోబర్ 1 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం డ్రైవింగ్‌లో ఫోన్ దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు, అదీ ఏకాగ్రత చెదరకుండా. చేత్తో పట్టుకుని మాట్లాడుతూ దొరికితే మోటారు వాహనాల చట్టంలో మొదటిసారి జరిమానా రూ.1,000 నుంచి రూ.5,000 దాకా ఉంది. డ్రైవింగ్ ఉద్యోగానికి అప్లై చేసేవాళ్లకు చలానాల చరిత్ర కూడా ఒక రెజ్యూమేనే. హ్యాండిల్‌కి హోల్డర్ పెట్టుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. బైక్ ఇంజిన్ అదురుకి ఐఫోన్ కెమెరా లోపలి భాగాలు పాడవ్వొచ్చని యాపిల్ 2021లోనే చెప్పింది. అదురు తగ్గించే హోల్డర్ వాడండి, లేదా ఫోన్ జేబులో పెట్టి తెలుగు వాయిస్ వింటూ వెళ్లండి. గూగుల్‌లో భాష మార్చుకుంటే ‘కుడివైపు తిరగండి’ అని తెలుగులోనే చెబుతుంది. ఈ పని కూడా ముందు రోజే చేసుకోవాలి, సిగ్నల్ దగ్గర కాదు.

చివరి వంద మీటర్లు

పెద్ద క్యాంపస్‌లతో ఒక పేచీ ఉంది. మ్యాప్‌లో పిన్ బిల్డింగ్ మధ్యలో ఉంటుంది. యాప్ దానికి దగ్గరగా ఉన్న రోడ్డు మీదకి మిమ్మల్ని తీసుకెళ్లి ‘మీరు గమ్యానికి చేరుకున్నారు’ అంటుంది. చూస్తే ఎదురుగా వెనక గోడ, దాని మీద గాజుపెంకులు. గేటు అవతలి వైపు, కిలోమీటరు చుట్టూ తిరగాలి, మధ్యలో డివైడర్, యూటర్న్ ఇంకెక్కడో.

వీలైతే ముందు రోజు అదే వేళకి వెళ్లి చూసి రండి. కుదరకపోతే గూగుల్‌లో ఆ చోటి స్ట్రీట్ వ్యూ, సందర్శకులు పెట్టిన ఫొటోలు తెరిచి గేటు ఏ రోడ్డు వైపుందో చూడండి. పిన్‌ని బిల్డింగ్ మీద కాకుండా వేలితో గేటు ముందు పెట్టుకుని దాన్ని సేవ్ చేయండి. ఫోన్ లోపలికి రానివ్వని సెంటర్లలో దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా అప్పుడే ఆలోచించుకోండి. బయట టీకొట్ల దగ్గర డబ్బు తీసుకుని బ్యాగులు దాచిపెడతారు గానీ క్యూలో పదినిమిషాలు పోతాయి. హాల్‌టికెట్ ప్రింటు మీద గేటు వివరం, సెంటర్ ఫోన్ నంబరు పెన్నుతో రాసుకోండి. ఛార్జింగ్ అయిపోయినా ఆ కాగితం పట్టుకుని ఆటోస్టాండులో అడగొచ్చు. అక్కడివాళ్లకి ఏ గేటు తెరుస్తారో, ఏది ఎప్పుడూ తాళం వేసే ఉంటుందో తెలుసు.